వ్యాగనుకు తరుగెంత?

ఎర్రగుంట్ల స్టేషన్లో మన బండిని ఆపి గూడ్సును పోనిస్తే ప్లాట్‌ఫారం మీదున్నోళ్లంతా నొసలు చిట్లిస్తారు. నేను మాత్రం కళ్లజోడు తుడుచుకుంటా. బొగ్గు, సిమెంటు మోసే వ్యాగన్ల ఒంటి మీద రాతలు చదవడం నా పిచ్చి. వాటిని 87వ వంతు సైజులో ఇంట్లో చేసుకోవడం అంతకంటే ముదిరిన పిచ్చి.

బీఓఎక్స్‌ఎన్ అని ఉంటుంది చూడండి. బీ అంటే కింద బోగీలు, అంటే చక్రాల చట్రాలు ఉన్నది, ఓ అంటే పైకప్పు లేనిది, ఎక్స్ అంటే గోడలు ఎత్తైనది, ఎన్ అంటే గాలి బ్రేకులది. ఖాళీ బరువు 22.47 టన్నులు, మోసేది 58.81 టన్నులు, మళ్లీ మరమ్మతుకు ఎప్పుడు పోవాలో ఆ తేదీ. పెళ్లిచూపుల్లో కూడా ఇంత నిజాయితీ ఉండదు.

పట్టాల సంగతి నేను పట్టించుకోను. మన బ్రాడ్‌గేజి 1,676 మిల్లీమీటర్లను 87తో భాగిస్తే 19 దాటుతుంది. అంగట్లో దొరికేది 16.5. పోనీలెమ్మంటా. అక్షరాల దగ్గర మాత్రం రాజీ లేదు. అసలు వ్యాగను మీది జానెడు అక్షరం నా దాని మీద రెండు రెండున్నర మిల్లీమీటర్లకు వస్తుంది. అంత సన్నపని చేసే చెయ్యి కోసం ప్రొద్దుటూరులో వెతుక్కోవాల్నా? తెలిసిన ఆచారి దగ్గరికి పోయినా.

ఆయన భూతద్దం కింద పెట్టి అటూ ఇటూ తిప్పినాడు. "బంగారం లేదు, రాయి లేదు. దీనికి తరుగెట్ల కట్టాల సామీ?"

నంబరు రాసిచ్చినా: 22090647187. మొదటి రెండంకెలు వ్యాగను రకం. 10 నుంచి 29 దాకా పైకప్పు లేనివి. 09 దక్షిణ మధ్య రైల్వే. 06 తయారైన సంవత్సరం. తర్వాత నాలుగూ దాని సొంత నంబరు.

"చివర 7 బాగలేదు. 9 వేస్తా, కలిసొస్తుంది."

"అయ్యో, అది సరిచూసుకునే అంకె ఆచారీ!" సరి స్థానాల అంకెలు కూడితే 32, మూడింతలు 96. చివరిది వదిలేస్తే బేసి స్థానాలవి 7. మొత్తం 103. దాని పైన పదుల్లో వచ్చే సంఖ్య 110కి ఎంత తక్కువ? 7. ఒక్క అంకె తప్పు రాసినా లెక్క పట్టిస్తుంది. ఆచారి మనసులోనే కూడుకుని తలాడించినాడు. "రైల్వేవాళ్లూ మాలాంటోళ్లే."

వారం తర్వాత చూస్తే అక్షరాలు హారానికి చెక్కినట్టున్నాయి. అదే వచ్చిన తంటా. అసలు వ్యాగను మీద స్టెన్సిల్ రేకు జరిగి, పెయింటు కారి, పైన బొగ్గుమసి పట్టి ఉంటుంది.

"కొంచెం చెడగొట్టు ఆచారీ."

"అదొక్కటి అడగొద్దు సామీ, చెయ్యి రాదు."

ఆ చెడగొట్టే పని ఇంటికొచ్చి నేనే చేసుకున్నా. అందులో నాకు మంచి నైపుణ్యం ఉందని ఇంట్లో అందరూ ఒప్పుకుంటారు.

ఇక జమ్మలమడుగు మా బావ. పాత నాలుగు చక్రాల వ్యాగనొకటి చేసి, వాళ్ల ఊరి బోర్డు ముందర నిలబెడితే మండిపడినాడు. "ఎర్రగుంట్ల–నంద్యాల లైను 123 కిలోమీటర్లూ పూర్తయిందే 2016లో. అప్పటికి ఇవన్నీ తుక్కుకు పోలేదా బావా? మా ఊరి పరువు తీస్తావా?"

"అయితే ఏ ఊరి బోర్డు పెట్టాలప్పా?"

"పులివెందుల అని పెట్టు. ముద్దనూరు నుంచి ముదిగుబ్బకు లైను పడేదాకా, అక్కడ ఏ కాలం వ్యాగను నిలబెట్టినా తప్పని ఎవడంటాడు?"