చెడగొట్టు చలి

మిరపకాయలు కళ్లంలో ఆరబోసుకున్నాక మార్చి, ఏప్రిల్‌లలో పడే వానను గుంటూరు వైపు చెడగొట్టు వాన అంటారు. మా నాన్న జీవితమంతా ఆ వానతోనే వేగారు. ఆకాశం ఓ మూల నల్లబడితే చాలు, ముందున్న అన్నం కంచం వదిలేసి పట్టాలు పట్టుకుని కళ్లానికి పరిగెత్తే మనిషి. అలాంటాయన 2023 ఏప్రిల్ చివర్లో అమెరికాలో మా ఇంటికి వచ్చారు. చెడగొట్టు చలి కూడా ఒకటుంటుందని ఆ మే నెలలో ఆయనకు తెలిసింది.

మేముండేది న్యూయార్క్ రాష్ట్ర రాజధాని ఆల్బనీ పక్కన. న్యూయార్క్ నగరానికి ఉత్తరాన కారులో మూడు గంటల దూరం. ఇక్కడ చలికాలం పోయి కాస్త ఎండ పొడ కనబడితే చాలు, తెలుగు ఇళ్లలో మాటలన్నీ గోంగూర, మిరప, వంకాయ మీదికి మళ్లుతాయి. ఆ మాటల్లో మాకు పెద్దదిక్కు ఒకాయన. పేరెందుకులెండి, అందరం మాస్టారనే పిలిచేవాళ్లం. అంతకు ముందటేడాదే మా కాలనీకి వచ్చారు. బేస్‌మెంట్‌లో ఊదారంగు ఎల్ఈడీ దీపాల కింద నారు పెంచుతున్నారనీ, అడిగినవాళ్లకల్లా ఊరికే ఇస్తారనీ వాట్సాప్ గ్రూపులో వార్త పాకింది.

ఆ ఏడాది ఏప్రిల్ మధ్యలో ఎండలు మండాయి. న్యూయార్క్ నగరంలో వేడి 90 డిగ్రీల ఫారెన్‌హీట్‌ను తాకింది. మన లెక్కలో 32. ఏప్రిల్‌లో అక్కడ అది మామూలు సంగతి కాదు. ఆ వేడికి రాష్ట్రమంతా ఆపిల్, ద్రాక్ష తోటలు తొందరపడి చిగుళ్లు వేశాయి. అసలు గండం ఆ తొందరలోనే ఉంటుంది. నిద్రలో ఉన్న మొగ్గ గడ్డకట్టే చలిని నెలల తరబడి ఓర్చుకుంటుంది. కళ్లు తెరిచిన చిగురు మాత్రం సున్నాకు రెండు డిగ్రీలు దిగితేనే మాడిపోతుంది.

మే 6, శనివారం. మాస్టారింట్లో నారు పంపకం. గరాజ్ ముందు బల్లల మీద వరసగా కప్పులు, టీ, పకోడీలు, ఓ చిన్న ప్రసంగం.

"మదర్స్ డే దాకా ఆగాలి, మెమోరియల్ డే దాకా ఆగాలి అన్నవన్నీ పాత లెక్కలండీ. భూమి వేడెక్కిపోతోంది. ఏప్రిల్‌లో ఎండలు చూశారుగా! ఇంకా ఆగితే మిరప కాపుకొచ్చేసరికి సెప్టెంబరు చలి పడుతుంది. రేపే నాటేయండి."

ఆ మాటలో నిజం లేకపోలేదు. ఇక్కడ ఎండాకాలం మూడు నెలల ముచ్చట. ఒక్కో వారానికి ఒక్కో కోత తగ్గుతుంది. అందరూ తలూపారు. మా నాన్న మాత్రం ఆయన పెరటి వైపు చూశారు. ఎరువు కలిపి, గుల్లగా తవ్వి, తాడు పట్టి గీసిన మళ్లు నాలుగు. వాటిలో ఒక్క మొక్క లేదు.

"మీరింకా నాటలేదేమండీ?" అన్నారు నాన్న.

"ముందు పదిమందికీ అందనివ్వండి బాబాయిగారూ. మిగిలితేనే నాకు."

చుట్టూ ఉన్నవాళ్ల ముఖాలు విప్పారాయి. ఒకావిడైతే చేతులెత్తి దణ్ణం పెట్టినంత పని చేసింది.

మర్నాడే పెరట్లో నాటాం. కంచె అవతల నుంచి పక్కింటి ముసలావిడ చూసి, ఇంత త్వరగానా అంది. ఆవిడ పుట్టి పెరిగింది ఇక్కడే. టమాటా, మిరప కుండీలను మెమోరియల్ డే దాకా కిటికీ దాటనివ్వదట. ఆ పండగ వచ్చేది మే ఆఖరి సోమవారం. పాతకాలపు మనిషి అనుకుని నవ్వి ఊరుకున్నాం. పది రోజులు గడిచేసరికి మిరప మొక్కలు పచ్చగా నిలదొక్కుకున్నాయి.

ఓ సాయంత్రం నాన్న నేనూ నడకకు వెళ్లి మాస్టారింటి ముందు నుంచి వస్తున్నాం. బేస్‌మెంట్ కిటికీలోంచి ఊదారంగు వెలుతురు గడ్డి మీద పడుతోంది.

"నారంతా పంచేశాడుగా, ఇంకా ఆ దీపాలెందుకమ్మాయ్?" అన్నారు.

"కరివేపాకు కోసం అయ్యుంటుంది నాన్నా. దాన్ని ఇక్కడ పసిపిల్లలా సాకుతారు" అన్నాను. నాన్న ఇంకేం అనలేదు.

మే 17, బుధవారం మధ్యాహ్నం ఫోన్లన్నీ ఒక్కసారే మోగాయి. రాత్రికి ఫ్రీజ్ వార్నింగ్. బయట చూస్తే ఆకాశంలో మచ్చుకైనా మబ్బు లేదు, ఆకు కదలడం లేదు. గుంటూరులో అయితే ఇంత నిర్మలమైన ఆకాశం చూసి రైతు హాయిగా నిద్రపోతాడు. ఇక్కడ అదే కొంప ముంచుతుంది. మబ్బుంటే నేల వేడి పైకి పోకుండా కప్పులా కాస్తుంది. గాలుంటే పైనున్న వెచ్చదనం కిందికి కలుస్తుంది. రెండూ లేని రాత్రి నేలలోని వేడంతా ఆకాశంలోకి పోతుంది. బరువెక్కిన చల్లగాలి పల్లానికి జారి అక్కడే నిలిచిపోతుంది. ఫోన్లో రెండు మూడు డిగ్రీలు ఎక్కువే కనబడుతున్నా, నేలకు జానెడెత్తులో ఉన్న ఆకు మాత్రం అప్పటికే గడ్డకడుతుంది.

మాస్టారు గ్రూపులో గంటగంటకూ సలహాలు పెట్టారు. సాయంత్రమే మట్టి తడపండి, తడి నేల వేడిని ఎక్కువ సేపు పట్టి ఉంచుతుంది. దుప్పట్లు కప్పండి, అంచులు నేలకు ఆనేలా చూడండి. ప్లాస్టిక్ వద్దు, ఆకుకు తగిలిన చోటల్లా మాడిపోతుంది. అన్నీ సరైన మాటలే. నాన్న బీరువాలోని దుప్పట్లన్నీ లాగి, నాలుగు మూలలా కర్రలు పాతి, కళ్లం మీద పట్టా కప్పినట్టు ఒడుపుగా బిగించారు. చివర రాళ్లు పెట్టారు. కానీ మా పెరడు వీధి మొత్తానికీ పల్లం.

తెల్లారి చూస్తే గడ్డి మీద ఉప్పు చల్లినట్టు తెల్లటి పొర. దుప్పట్లు అట్టలా బిగుసుకుని ఉన్నాయి. వాటిని ఎత్తినప్పుడు మొక్కలు బాగానే ఉన్నట్టు కనబడ్డాయి. ఎండ తగిలిన గంటకు అసలు రంగు బయటపడింది. ఆకులు నీరుగారి, ముదురాకుపచ్చకు తిరిగి, వేలాడి, మధ్యాహ్నానికి నల్లబడ్డాయి. నాన్న ఒక ఆకును రెండు వేళ్ల మధ్య నలిపారు. చేతికి తడి అంటింది. "లోపల కణుపుదాకా పోయిందమ్మా" అన్నారు. చెడగొట్టు వానలో కాయ తడిసినా ఆరబెట్టుకుని తాలుగానైనా అమ్ముకోవచ్చు. దీంట్లో ఏరుకోవడానికి ఏమీ మిగలదు.

పోయింది మాదొక్కటే కాదు. ఆ ఒక్క తెల్లవారుజామున ఫింగర్ లేక్స్ ద్రాక్షతోటలు, హడ్సన్ లోయలోనూ పొరుగు రాష్ట్రం వెర్మాంట్‌లోనూ ఆపిల్ తోటలు ఘోరంగా దెబ్బతిన్నాయి. ఏడాది పంటను ఒక్క రాత్రిలో పోగొట్టుకున్న రైతుల గురించి టీవీలో చెబుతుంటే, భాష అర్థం కాకపోయినా నాన్న ఆ ముఖాల వైపే చూస్తూ కూర్చున్నారు.

గ్రూపు నిండా నల్లబడ్డ మొక్కల ఫొటోలు, ఏడుపు బొమ్మలు. మాస్టారు అందరినీ పేరుపేరునా ఓదార్చారు. చివర్లో ఒక మాట పెట్టారు. "బాధపడకండి. మెమోరియల్ డే ముందు శనివారం మా ఇంటికి రండి. ఏదో ఒక ఏర్పాటు చేస్తాను."

మే 27న వెళ్లాం. గరాజ్ ముందు అవే బల్లలు. వాటి మీద మళ్లీ వరసగా మిరప, వంగ, టమాటా. ఈసారి టీ, పకోడీల బదులు బల్ల చివర ఒక డబ్బా పెట్టారు. మొక్క అయిదు డాలర్లు.

"లాభం కోసం కాదండీ. మట్టి, కప్పులు, కరెంటు ఖర్చులు గిట్టుబాటు అయితే చాలు. సీజన్ మీ చేయి దాటిపోకూడదనే నా తాపత్రయం."

జనం ఎగబడ్డారు. షాపుల్లో దేశవాళీ మిరప దొరకదు. గింజ వేసి మొలకెత్తించే రోజులూ దాటిపోయాయి. కష్టకాలంలో ఆదుకున్నారంటూ ఒకాయన మాస్టారితో ఫొటో దిగాడు. మేమూ ఎనిమిది మొక్కలు తీసుకుని నలభై డాలర్లు డబ్బాలో వేసి, థాంక్యూ చెప్పి బయల్దేరాం. వస్తూ చూశాను. ఆయన పెరట్లో నాలుగు మళ్లూ అప్పుడే నాటి, నీళ్లు పెట్టి ఉన్నాయి.

కారులో నాన్న ఒక కప్పు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. కాసేపటికి దాన్ని తలకిందులు చేసి, కాడ వేళ్ల మధ్య పట్టుకుని, మట్టిగడ్డను మెల్లగా జార్చారు. అడుగున తెల్లటి వేళ్లు గుండ్రంగా చుట్టలు చుట్టుకుని ఉన్నాయి. ఆకులు లెక్కపెట్టారు. కాడను గోటితో నొక్కి చూశారు.

"మంచు పడి ఎన్నాళ్లయిందమ్మాయ్?"

"పదో రోజు నాన్నా."

"మనకు ఊరికే ఇచ్చి?"

"మూడు వారాలు."

"ఈ నారు వయసు నలభై రోజులకు తక్కువ లేదు."

కారులో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మా ఆయనే సర్దిచెప్పబోయారు. "ఎందుకైనా మంచిదని రెండో విడత పోసి ఉంచారేమో మావయ్యగారూ. జాగ్రత్తపడటంలో తప్పేముంది?"

నాన్న మొక్కను మళ్లీ కప్పులో పెట్టి, మట్టి బొటనవేలితో అదిమారు.

"తప్పేం లేదు అల్లుడుగారూ. నేనూ పోసేవాణ్ణి. తన నారు పోతుందేమోనని రెండోసారి పోసుకునేవాడు రైతు. ఎదుటివాడి చేత ముందే నాటించి, అది పోతుందని లెక్కేసి పోసుకునేవాడు వ్యాపారి."