మావయ్య ఖాతాలో మైనస్ గీత

కంపైలర్ ఇచ్చే హెచ్చరికలు తెరమీదకి రాకుండా నొక్కేసే ఆప్షన్ ఒకటుంది. అది వాడేవాడంత మూర్ఖుడు ఉండడని కుర్రాళ్లకి పాఠం చెప్పింది నేనే, వాడిందీ నేనే.

ఉప్పాడలో మా మావయ్యది జాందానీ చీరల వ్యాపారం. నేతగాళ్లకి పట్టు, జరీ ఇచ్చి, మజూరీ కట్టి చీర తీసుకుంటాడు. ఆ లెక్కలకి సీ భాషలో ప్రోగ్రాం రాసిస్తానని ఎవరూ అడక్కుండానే మీదేసుకున్నాను. దశాంశాలతో తేడాలొస్తాయని డబ్బంతా పైసల్లో, 64 బిట్ల పూర్ణాంకంగా దాచాను. అంతవరకూ తెలివిగానే ఉంది. చూపించేటప్పుడు మాత్రం ప్రింట్‌ఎఫ్‌కి 'పర్సెంట్ ఎల్ డీ' అని రాసి, వచ్చిన అంకెల్లో చివరి రెండింటి ముందు చుక్క పెట్టేశాను. నా లాప్‌టాప్‌లో 64 బిట్ల లినక్స్, అక్కడ ఆ ఎల్ సూచించే లాంగ్ అంటే 64 బిట్లు. కొట్లో పాత విండోస్ ఎక్స్‌పీ. విండోస్‌లో లాంగ్ అంటే 32 బిట్లే. జాందానీ బుటా చీర ఎటు తిప్పినా ఒకేలా కనిపిస్తుంది. నా ప్రోగ్రామూ అంతేననుకున్నాను.

గుర్తుతో కలిపి 32 బిట్లలో పట్టే అతిపెద్ద సంఖ్య 2,14,74,83,647. దాన్ని పైసలనుకుంటే రూ.2,14,74,836.47. ఏళ్ల తరబడి కూడుతూ వచ్చిన అమ్మకాల మొత్తం సరిగ్గా 2 కోట్ల 15 లక్షలైన రోజున తెరమీద -21449672.96 అని పడింది.

"అల్లుడూ, ఎవడికిరా మనం ఇంత బాకీ?" అన్నాడు మావయ్య ఫోన్లో.

ఉప్పుగాలికి మదర్‌బోర్డు పాడై ఉంటుందన్నాను. ఉప్పాడ-కాకినాడ బీచ్ రోడ్డునే కోసుకుపోయే సముద్రం కదా, ఇంట్లో అందరూ నమ్మేశారు. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. గుమస్తాగారు ఏదో తప్పు ఎక్కించి ఉంటారని కూడా అన్నాను. ఆ పెద్దాయన మారు మాట్లాడకుండా చేతి పద్దులన్నీ పెన్సిలుతో మళ్లీ కూడారు. పైసా తేడా రాలేదు. ఫైల్లో దాచిన సంఖ్యా అదే. చూపించేటప్పుడే పై 32 బిట్లు ఎగిరిపోతున్నాయి. జీసీసీ కంపైలర్ ఆ సంగతి మొదటిరోజే చెప్పింది, నేను నోరు నొక్కేశాను.

'పర్సెంట్ ఎల్ ఎల్ డీ' అని మార్చాను. విండోస్ కోసం మింగ్‌డబ్ల్యూతో కట్టిన నా ప్రోగ్రాం వాడుకునేది ఎక్స్‌పీలోని పాత ఎంఎస్‌వీసీఆర్‌టీ లైబ్రరీని. దానికి రెండో ఎల్ లెక్కలోది కాదు, మళ్లీ అదే మైనస్. దానికి తెలిసిన రూపం 'పర్సెంట్ ఐ 64 డీ'. అది పెడితే కొట్లో బాగుపడింది. ఆ సంబరంలో అదే కోడ్‌ని లినక్స్‌కీ తెచ్చుకున్నాను. లినక్స్‌లోని గ్లిబ్‌సీ లైబ్రరీలో ఐ అంటే స్థానిక అంకెలు వాడమని, 64 అంటే అన్ని గళ్ల వెడల్పు అని. నేనిచ్చిన బఫరు 32 గళ్లు. ప్రోగ్రాం అక్కడికక్కడే కుప్పకూలింది. ఈసారి తప్పు రుద్దడానికి సముద్రం కూడా దొరకలేదు, నేనున్నది హైదరాబాద్‌లో.

ఇంతకీ మందు 1999 నాటి సీ ప్రమాణంలోనే ఉంది. ఇంట్‌టైప్స్ అనే హెడర్ కలుపుకుని, పీఆర్ఐడీ64 అన్న మాక్రో రాస్తే చాలు, ఏ సిస్టమ్‌కి కావలసిన అక్షరాలు ఆ సిస్టమ్‌కి అదే పెట్టిస్తుంది. పుస్తకం నా అలమరాలోనే ఉంది.

"కామాలేవిరా? ఇన్ని అంకెలు వేలుపెట్టి లెక్కపెట్టుకోవాలా?" అన్నాడు మావయ్య తర్వాత. లినక్స్‌లో ప్రింట్‌ఎఫ్‌కి అపాస్ట్రఫీ ఇస్తే, లోకేల్‌ని బట్టి కామాలు పెడుతుంది. విండోస్‌కి ఆ అలవాటు లేదు. అందుకని కుడివైపు నుంచి ముందు మూడు, ఆ తర్వాత రెండేసి అంకెలకి కామా పెట్టే ఫంక్షన్ సొంతంగా రాసి పంపాను. మావయ్య ముచ్చటపడ్డాడు.

మొన్న ఒక చీర వాపసొచ్చింది. తెరమీద -,12,500.00 అని పడిందట. ఈసారి ఫోన్ చేసింది గుమస్తాగారు.