కందకు లేని దురద: టీకా తాత్పర్యము

మూలము: కందకు లేని దురద కత్తిపీట కెందుకు?

అవతారిక: కోడలు కంద తరిగిపెట్టుమనగా కొడుకు సరే యనెను. అత్తగారు “వాడి చేతులు దురదెక్కవూ!” అని అడ్డుపడెను. అంతట కోడలు గోడవంక తిరిగి పలికిన వాక్యమిది. ఇచట కంద యెవరు, కత్తిపీట యెవరు అను చర్చ గృహశాంతికి భంగకరమగుటచే విడువబడినది.

టీక: కందకు = మట్టిపట్టి, బుడిపెలతో నుండు దుంపకు; లేని = తనయందు తోచని; దురద = కోసిన చేతిని, సరిగా ఉడకనిచో తిన్న గొంతును పట్టు తీట; కత్తిపీటకు = కాలితో తొక్కిపట్టినగాని నిలువని సాధనమునకు; ఎందుకు = నీకేల యని కోపము.

విశేషములు: కందకు దురద లేదనుట అతిశయోక్తి కాదు, స్వభావోక్తియే. ఆ దుంప కణములలో కాల్షియం ఆక్సలేటు సూదులు, రెండు కొసలును వాడియైనవి, అంబులపొదిలోని బాణములవలె కట్టలుగా నుండును. కదపనంతవరకు ఎవరి జోలికిని పోవు. పశువు కొరికినను, కోడలు కోసినను కణము చిట్లి, సూదులు దొరికిన చర్మమున దిగును. అవి నీట కరగవు. ఎంత కడిగినను చేయి చేయిగా నుండదు. అందుకే తరుగుటకు ముందు చేతికి నూనె రాయుట, ముక్కలను చింతపండు పులుసులో ఉడికించుట. కంద బచ్చలికి ఆవ పెట్టుట రుచికొఱకు. పులుపు మాత్రము ఆత్మరక్షణ కొఱకు.

ఇక కత్తిపీట. అది కొయ్యయు, ఇనుమును. చర్మమే లేనిదానికి తీట యెక్కడిది? కందకును లేదు, కత్తిపీటకును లేదు. మఱి దురద యెవరిది? ఆ రెంటి నడుమ నొక చేయి కలదు. సామెతలో దానికి పదము లేదు, విభక్తి లేదు. పూర్వ వ్యాఖ్యాతలు ఈ లోపమును గుర్తింపకపోవుట వారెన్నడును కంద తరుగకపోవుట వలననే యని మా నిశ్చితాభిప్రాయము.

పూర్వపక్షము: కొవ్వూరు ప్రాంతపు గజేంద్ర రకము అంతగా దురద పెట్టదు గదా, ఇక సామెత కేమి గతి? అందురేని, తగ్గినది దురదయే, తరుగుడు కాదు. ఇంకను సందేహము గల పండితులు నాటుకంద నొకదానిని తెచ్చుకొని, చేతికి నూనె లేకయే, స్వయముగా తరిగి చూడవచ్చును.