బాతు గెలిచింది

1968లో యేల్ విశ్వవిద్యాలయ విద్యార్థులను వెంటబెట్టుకుని ఆర్కిటెక్టులు రాబర్ట్ వెంచురి, డెనిస్ స్కాట్ బ్రౌన్ అధ్యయన యాత్రకు బయల్దేరారు. రోముకు కాదు, లాస్ వేగస్‌కు!

జూదశాలల నియాన్ బోర్డులు, పార్కింగ్ స్థలాలే పాఠాలు. వాటి మీద 1972లో వాళ్ల పుస్తకమొచ్చింది.

అలంకారం మహాపాపమంటూ భవనాన్నే పెద్ద బొమ్మగా మలిచే ఆధునిక ఆర్కిటెక్టుల కట్టడాలకు అందులో తగిలించిన బిరుదు: ‘బాతు’. లాంగ్ ఐలాండ్‌లో బాతులు, గుడ్లు అమ్మడానికి 1931లో అచ్చం బాతులాగే కట్టిన కొట్టు పుణ్యమది. పాపం, పండితులు!

1991లో ఆర్కిటెక్చర్‌కిచ్చే ప్రిట్జ్‌కర్ బహుమతి వెంచురి ఒక్కరికే. పుస్తకం మీద డెనిస్ పేరుంది, బహుమతి మీద లేదు. సరిదిద్దమని 2013లో వేలమంది సంతకాలు పెట్టినా ప్రిట్జ్‌కర్ వాళ్లు కుదరదన్నారు.

బాతుకొట్టుకు ఆ చిక్కులేమీ లేవు. 1997లో దర్జాగా అమెరికా జాతీయ చారిత్రక స్థలాల జాబితాకెక్కింది.