పసుపు గొట్టం మాత్రలు మింగేవారికి సూచనలు

మొదట వంటింటి పసుపు మీద నమ్మకం వదులుకోండి. పప్పులో చిటికెడు వేసేదీ, పిల్లోడి మోకాలు చెక్కుకుపోతే అవ్వ అద్దేదీ, గడపకు పూసేదీ అంతా చవక సరుకు. సీల్ వేసిన డబ్బాలో వచ్చి, శెనక్కాయలు అమ్మిన డబ్బులో సింహభాగం లాక్కుంటే అదీ మందు. పసుపు ఎనిమిది తొమ్మిది నెలలు తడి అడిగే పంట. మన అనంతపురంలో అన్ని నీళ్లెక్కడివి? మైదుకూరు నుంచో దుగ్గిరాల నుంచో రావాల్సిందే. అంత దూరం నుంచి రప్పించేటప్పుడు ఇంకాస్త దూరం నుంచి కొరియర్‌లో రప్పిస్తే పరువు కూడాను.

ఎన్ని మింగాలో లెక్క వేయకండి. పసుపులో అసలు సరుకైన కర్కుమిన్ నూటికి మూడు పాళ్ల చుట్టూ ఉంటుంది. 3 గ్రాముల పొడి తింటే 90 మిల్లీగ్రాములు. 95 శాతం అని రాసున్న 500 మిల్లీగ్రాముల గొట్టం ఒక్కటే 475. ఆహారంలో కలిపే రంగుగా కర్కుమిన్ కిలో ఒంటిబరువుకు రోజుకు 3 మిల్లీగ్రాములు దాటొద్దని అంతర్జాతీయ నిపుణుల కమిటీ హద్దు పెట్టింది, అంటే అరవై కిలోల మనిషికి 180. పూటకొకటి వేసుకునేవాళ్లకు ఇట్లాంటి కూడికలు నిద్ర చెడగొడతాయి.

మిరియం కలిపిందే కొనండి. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు కర్కుమిన్‌తో పాటు మిరియంలో ఉండే పైపెరిన్ 20 మిల్లీగ్రాములు ఇస్తే రక్తంలోకి చేరేది ఇరవై రెట్లు పెరిగింది. అయితే మిరియం వాకిలి తీస్తే పసుపొక్కటే లోపలికి రాదు. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ లాంటివి కూడా మోతాదు మించి దూరతాయి. దీన్నీ లాభం కిందే రాసుకోండి.

మోకాళ్ల నొప్పులకు కొంత ఉపశమనం ఉంటుందని కొన్ని చిన్న పరీక్షల్లో కనిపించింది. ఇది నిజం కాబట్టి ఎక్కువగా ప్రచారం చేయకండి. క్యాన్సర్, షుగర్, బట్టతల గురించి చెప్పండి.

డాక్టరు దగ్గర నోరు విప్పొద్దు. పెద్దాసుపత్రిలో “ఇంకేమన్నా వాడుతున్నావా?” అంటే “ఏం లేదు సార్” అనండి. పసుపు మందెట్లా అవుతుంది? (కొనేటప్పుడు మాత్రం మందే.) వార్ఫరిన్ మీదున్న అబ్బకు, షుగర్ మాత్రలేసుకునే చిన్నాయనకు, పిత్తాశయంలో రాళ్లున్న అత్తమ్మకు, వచ్చే వారం ఆపరేషనున్న బావకు అందరికంటే ముందు పంచండి. ఆశా కార్యకర్త ఇచ్చిన ఐరన్ మాత్ర మింగే కోడలికి రెండూ ఒకే గుక్కలో ఇవ్వండి. పసుపు ఇనుమును పట్టేసుకుంటుందని నర్సమ్మ గొణుగుతుంది, పట్టించుకోకండి.

బీఫార్మసీ చదివిన మేనల్లుడు వాదనకొస్తే పేటెంటు కథ ఎత్తండి. పసుపుతో గాయాలు మాన్పే పద్ధతికి 1995లో అమెరికాలో ఇచ్చిన పేటెంటును మన శాస్త్ర పరిశోధన మండలి సీఎస్‌ఐఆర్ పోరాడి 1997లో రద్దు చేయించింది. అక్కడ తేలింది అది కొత్త సంగతి కాదని మాత్రమే, అన్ని రోగాలకూ పసుపే మందని కాదు. మేనల్లుడు ఈ తేడా పట్టుకునే లోపు మాట మార్చండి.

ఇక కళ్లు. సంగటి సయించకపోయినా, ఒళ్లు దురదపెట్టినా, మూత్రం ముదురు రంగుకొచ్చినా, కళ్లు పచ్చబడినా మందు ఒంటికి పట్టిందని సంబరపడండి. పసుపు మింగినోడు పచ్చబడక నల్లబడతాడా? 2019లో ఇటలీలో ఈ మాత్రలు వాడినవాళ్లకు కాలేయవాపు వస్తే అక్కడి ఆరోగ్యశాఖ డబ్బాల మీద హెచ్చరిక రాయించింది. 2023లో ఆస్ట్రేలియా ఔషధ నియంత్రణ సంస్థ కూడా జాగ్రత్త అంది. పాపం, పప్పులో పసుపు వేసుకోని దేశాలు! మాత్రలు ఆపేశాక చాలామందికి కాలేయం కుదుటపడింది. అందుకే మీరు ఆపకండి, ఆపితే దోషమెవరిదో తేలిపోతుంది. రక్తపరీక్ష కూడా వద్దు. కామెర్లకు పసరు పోసే ఊరేదో కనుక్కుని తెల్లారి మొదటి బస్సెక్కండి. అక్కడ పరగడుపున రమ్మంటారు. గొట్టం మాత్రం దారిలో వేసుకోవచ్చు.