పెట్టె చూడ ముద్దు: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

మూలం

పెట్టె చూడ ముద్దు వెల విన్న దడ పుట్టు
మగ్గమున్న యింట మరొక మోత
తిరుగు పళ్ళెమందు తెలియని పాటుండ
కొనుట మేలొ కాదొ గురువ చెప్పు

ప్రతిపదార్థం

పెట్టె = ఆరో ఏడో జాజ్ ఎల్పీలను, ఒక లావుపాటి పుస్తకాన్ని కలిపి అమ్మే గట్టి అట్టపెట్టె, అనగా బాక్స్ సెట్టు; చూడన్ = చూచుటకు; ముద్దు = ముద్దుగానే ఉండును; వెల విన్నన్ = ధర చెవిన పడగానే; దడ = గుండెదడ; పుట్టు = పుట్టును; మగ్గము ఉన్న యింటన్ = షోలాపూరు నేతపేటలో పవర్‌లూములాడే ఇంటిలో; మరొక మోత = ఉన్నది చాలనట్టు ఇంకొకటి; తిరుగు పళ్ళెమందున్ = నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే గ్రామఫోను ప్లేటులో (అన్నం పళ్ళెమని అర్థం చెప్పిన వ్యాఖ్యాత ఆకలి మీద ఉండి ఉంటాడు); తెలియని పాట = ఇంతవరకు విని ఎరుగని పాట; ఉండన్ = ఉండగా; కొనుట మేలొ కాదొ = కొనడం మంచిదో కాదో; గురువ = ఓ గురువా; చెప్పు = తేల్చి చెప్పుము.

తాత్పర్యం

ఓ గురువా, పెట్టె ముద్దుగానే ఉంది గాని ధర వింటే దడగా ఉంది. పైగా మాది మగ్గాలాడే ఇల్లు, కొత్తగా మోత తెచ్చిపెట్టుకోవాలా? వదిలేద్దామంటే అందులో నేను వినని పాట ఏదో ఉన్నదాయె. ఏం చేయమంటావు? అని శిష్యుడి ప్రశ్న. శిష్యుడు గడుసువాడు. చేతిలో డబ్బున్నదో లేదో పద్యంలో ఎక్కడా బయటపెట్టలేదు.

విశేషాలు

ముందు ‘మగ్గమున్న యింట’ దగ్గర ఆగాలి, పద్యమంతా దాని మీదే నిలబడింది గనుక. బంజారాహిల్స్‌లో ఒకాయన ఇదే పెట్టె కొంటే అది వట్టి కొనుగోలు, దానికి పద్యమెందుకు? ఈ శిష్యుడిది షోలాపూరు తూర్పు వైపు, మరాఠీలో పూర్వభాగ్ అనే చోటు. సాఖర్‌పేట, దాజీపేట, భద్రావతిపేట, అశోక్ చౌక్ ప్రాంతాల్లో తెలంగాణ నుంచి తరాల కిందట వలసవచ్చిన పద్మశాలీల ఇళ్ళలో ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది, గడప దాటితే మరాఠీ. ఊళ్ళో మొదటి బట్టల మిల్లు 1877లో వచ్చింది. పెద్ద మిల్లులు ఒకటొకటిగా మూతపడినా పేటల్లో పవర్‌లూములు చద్దర్లు, టెర్రీ తువ్వాళ్ళు నేస్తూనే ఉన్నాయి. తెలుగునాట షోలాపూర్ దుప్పటి పరిచయం లేని ఇల్లు అరుదు, ఆ చద్దరుకు 2005లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. శ్రావణ పౌర్ణమికి మార్కండేయ మహర్షి రథం కదిలే ఊరిది. ఇక్కడ మొదటి పూర్వపక్షం లేస్తుంది: ఇటువంటి చోట జాజ్‌కేం పని, అమెరికా నల్లవాళ్ళ సంగీతం మార్కండేయ గోత్రాలవాళ్ళకెందుకు? ఈ ఆక్షేపణ చేసేవారు రైలు పట్టాలను మరిచిపోయారు. షోలాపూరు బొంబాయి–మద్రాసు దారిలో ఉంది. బొంబాయి తాజ్‌మహల్ హోటల్‌కు లియాన్ ఆబీ జాజ్ బృందం 1935లోనే వచ్చింది. తర్వాత పియానో మాంత్రికుడు టెడ్డీ వెదర్‌ఫర్డ్ వచ్చాడు. వాళ్ళను విని ఆ విద్య పట్టుకున్న గోవా వాయిద్యగాళ్ళు రాత్రి హోటళ్ళలో వాయించి పగలు సినిమా స్టూడియోల్లో వాయించారు. చిక్ చాకొలెట్ అని పేరుపడ్డ ఆంటోనియో జేవియర్ వాజ్ ట్రంపెట్ సంగీత దర్శకుడు సి. రామచంద్ర పాటల్లో మోగింది. 1951 నాటి ‘అల్బేలా’లో ఆయన తన బృందంతో తెర మీదే కనిపిస్తాడు. పాత హిందీ పాటలు విన్న చెవి ఏదైనా సరే, తెలియకుండా జాజ్ రుచి చూసినదే. కాబట్టి మూలంలోని ‘తెలియని’ అనే విశేషణం సగమే నిజం. కవి అమాయకత్వం నటిస్తున్నాడు.

రెండో పూర్వపక్షం మోతకు సంబంధించినది, దీనిలో పస ఉంది. పవర్‌లూం షెడ్డులో శబ్దం 90 డెసిబెళ్ళు దాటడం మామూలు. అయితే అసలు చిక్కు చెవికి వచ్చేది కాదు, సూదికి వచ్చేది. ఎల్పీ మీద పాట అంటే గాడి గోడల్లోని అతి సన్నని వంకరలు. ఆ వంకరలకు సూది అదిరితే ఆ అదురే పాటగా బయటికి వస్తుంది. కానీ వంకర వల్ల వచ్చిన అదురేదో, నేలలోంచి బల్లకాలి మీదుగా ఎక్కి వచ్చిన అదురేదో సూదికి తెలియదు. పక్క గదిలో నాడె కొట్టుకుంటుంటే అది దాన్నీ కలుపుకొని చదువుతుంది, గట్టిగా అదిరితే గాడి దాటి గెంతుతుంది. దీనికితోడు నూలు పీచు. కార్ఖానా గాలిలో తేలే ఆ దూగర గాడిలో కూర్చుంటుంది, సూది దాన్ని ఊడ్చుకుంటూ పోయి తన ముక్కుకే ఉండ కట్టుకుంటుంది. అంతటితో అయిపోలేదు. ఏళ్ళ తరబడి మోతలో పనిచేసిన చెవి మొట్టమొదట కోల్పోయేది 3000 నుంచి 6000 హెర్ట్జ్‌ల మధ్య, ముఖ్యంగా 4000 దగ్గరి శబ్దాలను. జాజ్ డ్రమ్మరు కుడిచేత్తో ఆపకుండా తట్టే కంచు సింబల్ తళుకులో పెద్ద భాగం అక్కడా, దానికి పైనా ఉంటుంది. అంటే అమ్మేవాడు దేని పేరు చెప్పి ధర పెంచాడో, ఆ మెరుపే ఈ ఇంటి పెద్దాయన చెవికి అందదు. ప్లేటు బరువు 180 గ్రాములనీ, అసలు టేపుల నుంచే గాడి కోశామనీ పెట్టె వెనక రాసిన ప్రశస్తి అంతా ఇక్కడ నిరర్థకమని తేలుతోంది. మగ్గాలు ఆగిన సెలవు రోజున తలుపులు మూసుకొని వింటే అదురూ పీచూ కొంత తగ్గుతాయి గాని, పోయిన చెవి తిరిగిరాదు. కాబట్టి ధ్వని స్వచ్ఛత కోసం కొనదలిస్తే మానుటే మేలు.

అయితే మోత ఎంత తిన్నా చెవికి మిగిలేది ఒకటుంది: ఎవరు ముందు అందుకున్నారు, ఎంతసేపు సాగదీశారు, ఎక్కడ విరిచారు, నిన్న చేసింది ఇవాళ ఎందుకు మానుకున్నారు. సిద్ధాంతం ఇక్కణ్ణుంచే మొదలవుతుంది. పద్యంలోని ‘పెట్టె’ అన్న మాట ఒకటే అయినా లోకంలో పెట్టెలు రెండు జాతులు. మొదటి జాతిలో అందరి దగ్గరా ఉన్న రికార్డునే బట్టలు మార్చి కూర్చోబెడతారు. ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ 1959 నాటిది, నిడివి ముప్పావు గంట. 50 ఏళ్ళ పండుగ పేరిట 2008లో నీలిరంగు ప్లేటు, సీడీలు, డీవీడీ, పుస్తకం, పోస్టరు చేర్చి పెట్టెకెక్కించారు. సంగీతం గొప్పది, సందేహం లేదు. కానీ దాని గొప్పతనమంతా ఆ ఒక్క ప్లేటులోనే ఉంది, పోస్టరులో లేదు. రెండో జాతి పెట్టెలు వేరే పని చేస్తాయి. వాద్యబృందం ఒక పాటను ఒకసారి కాక పలుసార్లు వాయించినప్పుడు, కంపెనీ అప్పట్లో ఏరి ఒకటి విడుదల చేసి మిగతావి బీరువాలో పడేస్తే, వాటిని వరసగా తెచ్చి పక్కపక్కన పెడతాయి. ఇలాంటివి వేయడమే వృత్తిగా పెట్టుకున్న మొజాయిక్ అనే సంస్థ 1983లో పియానో వాద్యకారుడు థెలోనియస్ మాంక్ బ్లూ నోట్ కంపెనీకి చేసిన రికార్డింగులన్నీ కలిపిన పెట్టెతో మొదలైంది. ఈ జాతికి మచ్చుతునక సాక్సఫోను విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్ 1961 నవంబరు 1, 2, 3, 5 తేదీల్లో న్యూయార్క్ విలేజ్ వాన్‌గార్డ్ అనే నేలమాళిగ క్లబ్బులో వాయించినది. 1962లో వచ్చిన ఎల్పీలో మూడే పాటలు దొరికాయి. ‘ఇండియా’ అనే రచన 1963లో ఇంకో ఎల్పీలో తేలింది. అన్నీ కలిపి నాలుగు సీడీల పెట్టెగా 1997లో వచ్చేసరికి అసలు సంగతి బయటపడింది: రచనలు 9, వాయింపులు 22. ఒక్క ‘ఇండియా’నే నాలుగుసార్లు. రవిశంకర్ మీది అభిమానంతో కొడుక్కి రవి అని పేరు పెట్టుకున్న మనిషి, శ్రుతి పట్టుకున్నట్టు కింద బేసు నిలిపి, పైన రాగాలాపన లాంటిదేదో వెతుక్కున్నాడు. వెతుకులాట ఒకే రాత్రితో తీరదు గదా. ఈ జాతి పెట్టెలో ఉన్నది విడి ప్లేటులో దొరకదు. కొనడానికి హేతువంటూ ఉంటే ఇదొక్కటే.

ఇక్కడ ప్రబలమైన ఆక్షేపణ: రోజంతా ఒకే నమూనా నేసేవాడు సెలవునాడు కూడా ఒకే పాటను నాలుగుసార్లు వినాలా, ఇది విశ్రాంతా శిక్షా? ఆక్షేపించినవారు జకార్డు మగ్గాన్ని దగ్గరగా చూసినట్టు లేదు. మగ్గం నెత్తిన అట్ట కార్డుల గొలుసు తిరుగుతూ ఉంటుంది. చిల్లున్నచోట పడుగుపోగు లేస్తుంది, లేనిచోట లేవదు. గొలుసు ఒక చుట్టు తిరిగితే నెమలో పువ్వో ఒకసారి పూర్తవుతుంది, మళ్ళీ మొదటి కార్డు. 1804 ప్రాంతంలో ఫ్రాన్సు లియాన్ పట్టణంలో జోసఫ్ మారీ జకార్డు కుదిర్చిన ఈ ఏర్పాటులో నమూనా అంతా ముందే నిర్ణయమైపోయి ఉంటుంది. అయినా మనిషి పక్కన నిలబడవలసిందే, ఎందుకంటే పోగు తెగుతుంది, కండె అయిపోతుంది, కార్డు చినుగుతుంది. నూరో చద్దరు మొదటి చద్దరులాగే ఉండడం అక్కడి గొప్ప. ఒక పోగు తప్పినా కంటపడేది ముందు నేసేవాడికే. తేడాను పట్టే ఆ చూపు రోజూ పదునెక్కుతుంది, కాకపోతే అక్కడ తేడా అంటే తప్పు, ‘సెకండ్స్’ కింద తీసి పడేయవలసిన సరుకు. కోల్ట్రేన్ బృందానికీ ఒక గొలుసు ఉంది: రాగమూ, లెక్కా, ఎవరి తర్వాత ఎవరన్న వరసా. అది తిరుగుతూనే ఉండగా ప్రతి రాత్రీ పోగులు కావాలని తప్పిస్తారు. తప్పకుండా ఉంచడం ఎంత కష్టమో తెలిసినవాడికే తప్పించడంలోని నేర్పు వెంటనే పట్టుబడుతుంది. ఒకటికి నాలుగు ‘ఇండియా’లు వినగల ఓపిక ఎక్కడైనా ఉందంటే అది ఈ వీధిలో ఉండడానికే అవకాశం ఎక్కువ. అలాగని నేతగాడైనంత మాత్రాన కోల్ట్రేన్ నచ్చి తీరతాడంటే అది అతివ్యాప్తి దోషం. భజన పాటలే చాలనేవాళ్ళు పేటలో బోలెడుమంది, వాళ్ళ చెవులకు వచ్చిన లోపమేమీ లేదు.

మరో శంక, ఇది కుర్రవాళ్ళది: ఈ 22 వాయింపులూ ఫోనులో ఉన్నాయి, నెలకు కొద్ది డబ్బుతో వినవచ్చు, పెట్టె దేనికి? నిజం చెప్పాలంటే ఈ శంకకు పూర్తి ఖండన లేదు. పాక్షికంగా ఉన్నది పెట్టెలోని పుస్తకం. ఏ రాత్రి ఎవరు వాయించారు, బేసు ఒకరా ఇద్దరా, ఏ పాట తర్వాత ఏది, మొదట విడుదల కానిది ఏది, అదంతా వరసగా చెప్పేది అదే. అది లేకపోతే నాలుగు ‘ఇండియా’లూ ఫోను తెర మీద ఒకే పేరుతో నాలుగు గీతలు. వ్యాఖ్యాత కోలాచలం మల్లినాథసూరి లేకుండా కాళిదాసును చదివినవాళ్ళెంతమందో, పుస్తకం లేకుండా ఈ పెట్టెను విని తెలుసుకున్నవాళ్ళూ అంతమందే. (టీకాకారుడు టీకాకారుణ్ణి వెనకేసుకొస్తున్నాడని పాఠకుడు అనుకుంటే అది నిజమే.) ఇక ధర లెక్క. పెట్టె పదివేలనుకుందాం, ఆరు ప్లేట్లు, అంతా కలిపి నాలుగు గంటలు. ఒక్కసారి విని అటక ఎక్కిస్తే గంటకు 2500 రూపాయలు. వారానికోసారి చొప్పున ఏడాది వింటే 208 గంటలు, గంటకు యాభై రూపాయలకు లోపు. ప్లేయరు, ఆంప్లిఫయరు, స్పీకర్లు ఇందులో కలపలేదు. కలిపితే మూలంలోని ‘దడ’ అనే పదానికి వేరే వ్యాఖ్యానం రాయాలి.

కూలి సంగతి ఎత్తేవారు కూడా ఉన్నారు. ఇంట్లో ఆడవాళ్ళు వెయ్యి బీడీలు చుడితే ఇంత అని లెక్కగట్టే వీధిలో పదివేల పెట్టె ఏ ధర్మమని. సూటిగా అడిగారు గనుక సూటిగానే: అప్పు చేసి కొనడం ఏ శాస్త్రంలోనూ ధర్మం కాదు, ఇక్కడ మగ్గం గొప్ప చెప్పి దాన్ని కప్పిపుచ్చలేం. అయితే ఇదే ప్రశ్న పెళ్ళి బ్యాండుకూ, కొత్త ఫోనుకూ వేయకుండా ప్లేట్ల పెట్టెకే వేయడం పక్షపాతం.

కనుక గురువు చెప్పవలసిన మాట ఇది. పెట్టె ఏ జాతిదో ముందు చూడు. బట్టలు మార్చిన పాత రికార్డైతే మానుకో, విడి ప్లేటు ఎక్కడో చవగ్గా దొరుకుతుంది. పలు వాయింపుల పెట్టె అయితే వాటిని సెలవు రోజుల్లో మగ్గాలు ఆపినప్పుడు ఫోనులోనే వరసగా విను, పుస్తకం లేకుండానే. మూడో ‘ఇండియా’కు వేలు తనంతట తానే తరవాతి పాట మీదికి పోతే విషయం తేలిపోయింది. పోకుండా, రెండోదానికీ మూడోదానికీ మధ్య ఏం మారిందో ఇంట్లో ఇంకొకరికి చెప్పాలనిపిస్తే కొను, పీచు పడకుండా పెట్టె మీద ఒక చద్దరు కప్పు.

పాఠాంతరం: నాలుగో పాదంలో ‘కొనుట’కు బదులు ‘వినుట మేలొ కాదొ’ అని ఒక పాఠం ప్రచారంలో ఉంది. అర్థం చక్కగా కుదురుతుంది, పైన రాసిన వాదమంతటికీ బలం చేకూరుతుంది, కొనుగోలు ప్రసక్తే లేకుండా పోతుంది. కానీ ‘వి’కీ ‘గు’కీ యతి చెల్లదు. అందుచేత ‘కొనుట’ అన్నదే ఉంచాం.