నేను లారీ మీది టార్పాలిన్ పట్టాను

మందపాటి నూలు కాన్వాసుకు మైనం పట్టించి, ఆకుపచ్చ రంగు వేసి, అంచుల పొడవునా ఇత్తడి రింగులు బిగించి నన్ను తయారుచేశారు. గుంటూరులో మిర్చి లోడ్లు తోలే ఒక లారీ ఓనరు వానకు భయపడి, లోడు మీద కప్పడానికి నన్ను కొన్నాడు. తడిస్తే మిర్చికి బూజు పడుతుంది, బూజు పట్టిన కాయను ఢిల్లీ వ్యాపారి ముట్టడు. కానీ నా ఒంటి మీద ఉన్న అతుకుల్లో వాన వల్ల పడ్డది ఒక్కటీ లేదు. అన్నీ కత్తిగాట్లే, అన్నీ చలికాలంలో పడ్డవే.

కోల్డ్ స్టోరేజీల్లో దాచిన కాయ డిసెంబరు దాకా బయటికి వస్తూనే ఉంటుంది. సంక్రాంతికి అటూ ఇటూగా కొత్త కాయ మిర్చి యార్డుకు రావడం మొదలవుతుంది. హమాలీలు మిర్చి బస్తాలను, అంటే టిక్కీలను, వరుసలుగా పేర్చి, పైన నన్ను పరిచి, మోకులు లాగి కడతారు. మిర్యాలగూడ, నల్గొండ మీదుగా హైదరాబాద్ చేరి, అక్కడ 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కుతాం. నిర్మల్, ఆదిలాబాద్, పెన్‌గంగ వంతెన, నాగపూర్, సివనీ, సాగర్, ఝాన్సీ, గ్వాలియర్, చంబల్, ఆగ్రా. చివరికి పాత ఢిల్లీలో ఖారీ బావలీ మసాలా వ్యాపారుల గోదాము. సుమారు 1,800 కిలోమీటర్ల దారి.

ఒక్కో టిక్కీ నలభై కిలోల పైనే తూగుతుంది. ధర బాగా పడిపోయిన 2025 ఫిబ్రవరిలో రైతును ఆదుకోవడానికి కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలు ఖరారు చేసింది. ఆ లెక్కన చూసినా టిక్కీ ఐదు వేలకు దగ్గర. రెండు మూడు టిక్కీలు పోతే ఓనరుకు అది చిన్న నష్టమే కావచ్చు. డ్రైవరుకు మాత్రం ఆ నెల ఇంటికి పంపాల్సిన డబ్బు. సరుకు పోతే జవాబు చెప్పుకోవాల్సింది రవాణా సంస్థ అని 2007 నాటి రోడ్డు రవాణా చట్టం అంటుంది. ఆ బాధ్యతను స్టీరింగ్ పట్టుకున్నవాడి మీద పెట్టలేదు. అయినా కోత పడేది అతని బత్తాలోనే. ఇది అన్యాయమని నేను గట్టిగా అంటాను.

దొంగలకు చలికాలం ఎందుకు కలిసొస్తుందో పైన పడుకుని చూసే నాకు బాగా తెలుసు. ఎండాకాలంలో డ్రైవరు అద్దాలు దించుకుని, ఒక్కోసారి క్యాబిన్ పైనే నిద్రపోతాడు. ఆకు కదిలినా మెలకువ వస్తుంది. చలికాలంలో అద్దాలు బిగించి, చెవుల మీదుగా మఫ్లరు చుట్టి, రగ్గు నిండా కప్పుకుంటాడు. వెనక మోకు తెగిన చప్పుడు ఆయనకు ఎలా వినపడుతుంది? ఇదివరకు తోడుగా క్లీనరు ఉండేవాడు. ఒకరు పడుకుంటే ఇంకొకరు కిందికి దిగి లారీ చుట్టూ తిరిగేవాళ్లు. ఇప్పుడు చాలా లారీల్లో క్లీనరు లేడు. జీతం మిగులుతుందని తీసేశారు.

మంచు మరో సంగతి. నైలాను మోకు తడికి కొంచెం సాగుతుంది, నేనేమో తడికి బిర్రబిగుసుకుంటాను. సాయంత్రం కట్టిన కట్టు తెల్లవారేసరికి ఒక పక్క వదులై ఉంటుంది. చెయ్యి దూరేంత సందు దొరికితే దొంగలకు కత్తి పని కూడా ఉండదు. ఇక ఘాట్ రోడ్లలో లోడు బండి ఎత్తు ఎక్కుతూ మనిషి నడకకు వచ్చేస్తుంది. వెనకనుంచి ఒకడు పైకెక్కి, నన్ను కోసి, సరుకు కిందికి తోస్తాడు, వెనకాల వచ్చే బండిలో వాళ్లు ఎత్తుకుంటారు. లోడు వెనక ఏం జరుగుతున్నదీ అద్దంలో కనపడదు. పైగా పొగమంచు. దారినపోయే వాళ్లకైనా ఏం కనిపిస్తుంది?

గ్వాలియర్ దాటాక ఒక జనవరి రాత్రి అలాంటి మంచులోనే చిక్కుకున్నాం. ముందు బండి లైటు కూడా కనపడటం లేదు. మా డ్రైవరును అందరూ బాబాయ్ అంటారు, నేనూ అలాగే అంటాను. బాబాయ్ ఒక మూతపడ్డ ధాబా పక్కన లారీ ఆపాడు. పోతూ ఉంటే ప్రాణం పోతుంది, ఆపితే సరుకు పోతుంది అన్నట్టుంది ఆయన పరిస్థితి. అవతల నలుగురు డ్రైవర్లు కుంపటి చుట్టూ కూర్చుని ఉంటే వేళ్లు కాచుకుందామని వెళ్లాడు. ఆ కాస్త సేపట్లోనే నా వెనక అంచు మీద కత్తి పడింది. కింద నుంచి పైకి, ఒకే గాటు. మూడు టిక్కీలు పోయాయి. మిర్చి ఘాటుకు తుమ్ముతూనే మోసుకుపోయారు.

ఆయన కుంపటి దగ్గరికి వెళ్లడాన్ని నేను తప్పుపట్టను. ఆ చలిలో వేళ్లు కొంకర్లు పోతే గేరు మార్చలేరు. అదే కుంపటిని క్యాబిన్‌లోకి తెచ్చుకుని అద్దాలు మూసి పడుకున్న డ్రైవర్లు ఉన్నారు. బొగ్గు పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. సరుకుకు కాపలా కాయబోయి అలా పోయినవాళ్ల కోసం నాకు ఇప్పటికీ గుండె రగులుతుంది.

ఆగ్రా దగ్గర టీ తాగడానికి దిగినప్పుడు బాబాయ్ నన్ను చూసి నెత్తి కొట్టుకున్నాడు. దగ్గర్లోని స్టేషన్‌కు పోతే జరిగింది తమ పరిధిలో కాదన్నారు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. దాన్ని జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. ఆ మాట తెలిసిన ఇంకో డ్రైవరు పక్కన నిలబడి మాట్లాడాకే కాగితం చేతికి వచ్చింది. అది లేకపోతే ఇన్సూరెన్సు వాళ్ల ముందు నోరెత్తలేం.

అప్పటి నుంచి బాబాయ్ పద్ధతే మారింది. గుంటూరులో కాటా వేయించి చీటీ జేబులో పెట్టుకుంటాడు. దారిలో అనుమానం వస్తే మళ్లీ కాటా ఎక్కిస్తే తేడా తెలిసిపోతుంది. మోకుల కొసలన్నీ క్యాబిన్ వైపుకు తెచ్చి, చివరి ముడి తనే వేసి, ఫోనులో ఫొటో తీస్తాడు. లారీ ఆపితే వెనక భాగం గోడకో, ఇంకో లారీకో ఆనించి పెడతాడు. తలుపు తీయడానికి జాగా ఉండదు, నా వెనక అంచు దగ్గర మనిషి నిలబడలేడు. బయల్దేరే ముందు టైర్లను రాడ్డుతో కొట్టి చూసేటప్పుడే ప్రతి మోకునూ చేత్తో పట్టి లాగుతాడు. ధాబాలో ఎవరైనా "ఏం లోడు అన్నా?" అని ఆప్యాయంగా అడిగితే "పశువుల దాణా" అంటాడు. కొత్తవాళ్లు ఇచ్చిన టీ తాగడు.

అన్నిటికన్నా నాకు నచ్చిన మార్పు ఇంకొకటుంది. మంచు దట్టంగా పడే వేళకు ముందే ఆయన బండి ఆపేస్తున్నాడు. నిజానికి తొందరపడాల్సిన పని లేదు. సరుకు వెంట ఉండాల్సిన ఈ-వే బిల్లు గడువు 200 కిలోమీటర్లకు ఒక రోజు, మా దారికి తొమ్మిది పది రోజులు వస్తుంది. గడువు ముగిసే ఎనిమిది గంటల ముందు నుంచి, ముగిశాక ఎనిమిది గంటల లోపు పొడిగించుకోవచ్చు కూడా. తొందరంతా ఆఫీసు నుంచి వచ్చే ఫోన్లదే. చమురు కంపెనీలు కొన్ని బంకుల్లో 'అప్నా ఘర్' పేరుతో డ్రైవర్లకు పడకలు, స్నానాల గదులు కట్టాయి. అలాంటి చోట కెమెరా కింద లారీ నిలిపి, లోపల మంచం మీద పడుకుంటాడు బాబాయ్. ఆ రాత్రుల్లో నా మీద కత్తి పడలేదు. తాళాలు, జీపీఎస్‌లు పెట్టేవాళ్లు పెట్టుకోనీ, మంచిదే. కానీ నేను నమ్మేది డ్రైవరు నిద్రనే. వెచ్చగా, వెలుతురున్న చోట ఆయన పడుకోగలిగితే సరుకు సగం భద్రంగా ఉన్నట్టే. ఆ పడకలు 44వ నంబరు రోడ్డు పొడవునా, ముఖ్యంగా సాగర్ నుంచి ఆగ్రా దాకా, దగ్గరదగ్గరగా రావాలి.

మొన్న లోడింగుకు ముందు బాబాయ్ ట్రాన్స్‌పోర్టు ఆఫీసు మెట్లెక్కాడు. కాటా దగ్గర నన్ను మడత విప్పుతున్న కుర్రాడు వెంటే వెళ్లాడు.

"డిసెంబరు, జనవరి నెలలకు నాకు సెకండ్ డ్రైవరు కావాలండీ. సరుకు విలువ బిల్టీ రసీదులో పూర్తిగా రాయండి, ఇన్సూరెన్సు చేయించండి. పోయిన టిక్కీలు నా బత్తాలో కోస్తే ఇక ఒప్పుకోను" అన్నాడు బాబాయ్ గుమస్తాతో.

"బాబాయ్, నేను వస్తా నీతో" అన్నాడు కుర్రాడు.

"నీకు లైసెన్సు రానీరా ముందు!"

సెకండ్ డ్రైవరుకు గుమస్తా సరేనన్నాడు. ఇన్సూరెన్సు సంగతి ఓనరును అడిగి చెప్తానన్నాడు. అది తేలేదాకా నన్ను లోడు మీద పరచనివ్వనని బాబాయ్ అక్కడే బెంచీ మీద కూర్చున్నాడు.